నా తుపాకి నాకివ్వడానికి ఫారం 4473

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన నెల మీ ఆదివారం సంచికలో అమెరికా తుపాకుల గురించి వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసం బాగానే ఉంది. ఒక్క మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. "అక్కడ సంతలో వంకాయలు కొన్నట్టు తుపాకి కొనుక్కోవచ్చు" అని రాశారు. నేను పుట్టి పెరిగింది నంద్యాల జిల్లా ఆత్మకూరులో. వంకాయలు ఏరి కొనడం తెలుసు. టెక్సాస్‌కు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, ఇక్కడి తుపాకుల కొట్టూ తెలుసు. మొన్న సెప్టెంబర్‌లో నా రెండు తుపాకులను నేనే వెనక్కి తెచ్చుకోవడానికి అయిదు రోజులు పట్టింది. కొనడానికి కాదు, వెనక్కి తెచ్చుకోవడానికి. ఆ సంగతి మీ పాఠకులకు చెబుదామని ఈ ఉత్తరం. ఇక్కడున్న మన పిల్లలకు పనికొచ్చే విషయం కూడా ఇందులో ఒకటుంది, అది చివర్లో చెబుతాను.

నా దగ్గర ఒక .38 రివాల్వర్, ఒక 9 ఎం.ఎం. పిస్టల్ ఉన్నాయి. ఇర్వింగ్‌లో మేమున్న అపార్టుమెంట్లలో ఒకే నెలలో రెండు ఇళ్లలో దొంగలు పడ్డారు. అప్పుడు రివాల్వర్ కొన్నాను. పిస్టల్ మాత్రం అవసరమై కొన్నది కాదు. ఆఫీసు మిత్రులతో షూటింగ్ రేంజికి పోయేవాడిని, అక్కడ మోజు పుట్టి కొన్నాను. పోయిన ఫిబ్రవరిలో మా అమ్మాయి వాళ్లతో కలిసి ఉందామని ఫ్రిస్కోకు మారాం. మనవడు అప్పుడే పాకడం మొదలుపెట్టాడు. "పసిబిడ్డ తిరుగాడే ఇంట్లో అవి ఉంటే నేను ఉండను" అంది మా ఆవిడ. నలభై ఏళ్ల కాపురంలో ఆమె అన్న మాటల్లో ఎదురు చెప్పలేని మాట ఇదొక్కటే అనుకుంటాను.

మార్చిలో రెండూ తీసుకుపోయి ఇర్వింగ్‌లోనే ఒక గన్ షాపులో అమ్మిపెట్టమని ఇచ్చాను. దీన్ని కన్‌సైన్‌మెంట్ అంటారు. సరుకు మనదే, బీరువా వాళ్లది. అమ్ముడుపోతే వాళ్లు నూటికి ఇరవై తీసుకుని మిగతాది మనకిస్తారు, అమ్ముడుపోకపోతే ఆరు నెలలకు మనమే తీసుకుపోవాలి. కౌంటర్ దగ్గర కుర్రాడు ఒక్కో తుపాకిని చేతిలోకి తీసుకుని, ఖాళీగా ఉందో లేదో చూసి, దాని మీద చెక్కిన నంబరు, కంపెనీ పేరు, మోడల్, క్యాలిబర్, నా పేరు, చిరునామా ఒక రిజిస్టర్‌లో ఎక్కించాడు. దుకాణంలోకి వచ్చిన ప్రతి తుపాకీ ఆ రిజిస్టర్‌లో ఒక వరుసలో ఎక్కాలి. బయటికి పోయినప్పుడు ఎవరికి పోయిందో అదే వరుసలో పక్క గడుల్లో రాయాలి. ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ శాఖ) అధికారులు తనిఖీకి వస్తే మొదట అడిగేది ఆ పుస్తకమే. ఇచ్చేటప్పుడు నన్నేమీ అడగలేదు. ఒక ఒప్పంద కాగితం మీద సంతకం పెట్టాను, పది నిమిషాల్లో బయటపడ్డాను. తుపాకి వదిలించుకోవడం ఇంత సులువా అనుకుంటూ దారిలో టీ తాగి ఇంటికి చేరాను.

ఆరు నెలలైనా రెండూ అమ్ముడుపోలేదు. రివాల్వర్లు ఈ కాలం పిల్లలకు నచ్చవట. పిస్టల్‌కు నేను చెప్పిన ధర ఎక్కువట. గడువు దాటితే నెలకింత అని ఉంచుకున్నందుకు వసూలు చేస్తామని ఫోన్ చేశారు. ఈలోగా మా అల్లుడు గోడకు బిగించే ఇనుప సేఫ్ ఒకటి కొన్నాడు. ఆ సేఫ్ చూశాక మా ఆవిడ కూడా కాస్త మెత్తబడింది. సరే, తెచ్చేసుకుందామని ఒక గురువారం సాయంత్రం పోయాను.

అదే కుర్రాడు. నన్ను గుర్తుపట్టాడు, రెండు పెట్టెలూ తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. నేను చెయ్యి చాచబోతే పెట్టెలను తన వైపుకు లాక్కుని, కొన్ని పేజీల ఫారం ఒకటి నా ముందుకు తోశాడు. పైన ఫారం 4473 అని ఉంది. కొత్తగా తుపాకి కొన్నప్పుడు నింపే ఫారం అది. రెండు సార్లు నింపి ఉన్నాను కాబట్టి చూడగానే తెలిసింది.

"ఇదెందుకు? నేను కొనడం లేదు కదా, ఇవి నావే" అన్నాను.

"మీవే. కానీ మా పుస్తకంలోకి వచ్చాయి. పుస్తకంలోంచి బయటికి పోవాలంటే ఈ ఫారం, ఎఫ్‌బీఐ చెక్ రెండూ అవ్వాలి."

"రశీదు ఉంది, చూడు."

"మీరు ఇచ్చారని రశీదు చెబుతుంది. ఈ రోజు మీరు తీసుకోవచ్చో లేదో చెప్పదు."

ఆ కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో. అప్పుడు కోపం వచ్చింది కానీ, ఇంటికొచ్చి తీరిగ్గా ఆలోచిస్తే వాడు చెప్పినంత సూటిగా ఏ వకీలూ చెప్పలేడు అనిపించింది.

ఇక ఫారం. మన పేర్లతో అదొక యాతన. నా ఇంటిపేరు పొడి అక్షరంగా మారి డ్రైవింగ్ లైసెన్సులో నా పేరు మధ్యలో నిలిచిపోయింది. వీళ్లకు పొడి అక్షరం అంటే అనుమానం, దాని వెనక ఇంకేదో పూర్తి పేరు ఉండాలంటారు. లేదయ్యా, కాగితాల్లో ఉన్నది ఆ ఒక్క అక్షరమే అంటే, అయితే దాని పక్కన ఐ.ఓ. అని రాయండి అన్నాడు. 'ఇనిషియల్ ఓన్లీ' అని అర్థమట. మధ్య పేరే లేనివాళ్లు ఎన్.ఎం.ఎన్. అని రాయాలి. మా తాత నాకు పెట్టిన పేరుకు అమెరికా ప్రభుత్వం తోకలు తగిలించడం నాకేం కొత్త కాదు, కానీ తుపాకీ కోసం తగిలించుకోవడం కొత్త.

తర్వాత చిరునామా. లైసెన్సులో ఇర్వింగ్ చిరునామా అలాగే ఉంది. టెక్సాస్‌లో ఇల్లు మారిన 30 రోజుల్లోపు లైసెన్సులో మార్పించుకోవాలి. నేను మార్పించలేదు, తప్పు నాదే. గుర్తింపు కార్డులో ఇప్పుడుంటున్న ఇంటి చిరునామా లేకపోతే తుపాకి ఇవ్వకూడదు. కుర్రాడు విసుక్కోకుండా, "కొత్త చిరునామాతో ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఇంకేదైనా ఉందా?" అని అడిగాడు. కారు రిజిస్ట్రేషన్ గుర్తొచ్చింది. జూన్‌లో రెన్యూ చేసినప్పుడు ఫ్రిస్కో చిరునామా ఇచ్చాను. ఆ కాగితం కారులోనే ఉంది. పోయి తెచ్చాను. లైసెన్సు, ఆ కాగితం రెండూ కలిపి చూపితే చాలన్నాడు. కరెంటు బిల్లు, బ్యాంకు కాగితం పనికిరావు, ప్రభుత్వం ఇచ్చిందే కావాలి.

కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు రాయమంటే కాలిన్ అని రాశాను. ఫ్రిస్కో అంటే కాలిన్ కౌంటీ అనే అందరూ అంటారు. నిజానికి ఆ ఊరు కొంత కాలిన్‌లో, కొంత డెంటన్‌లో ఉంది. మా అమ్మాయి ఇల్లు డెంటన్ వైపు. కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, మళ్లీ రాశాను. గ్రీన్ కార్డువాడిని కాబట్టి ఆ నంబరు కూడా వేయాలి. ఆ తర్వాత అవును, కాదు ప్రశ్నల వరస. మీ మీద కేసులున్నాయా, శిక్ష పడిందా, మత్తుమందులు వాడతారా, ఇంటివాళ్లను కొట్టిన కేసులో శిక్ష పడిందా, కోర్టు రక్షణ ఉత్తర్వు ఏదైనా మీ మీద ఉందా, దేశంలో ఏ హోదాలో ఉన్నారు. అబద్ధం రాస్తే జైలు అని ఫారంలోనే ఉంటుంది. వాటన్నిటికంటే ముందుండే ప్రశ్న, ఈ తుపాకులు నిజంగా తీసుకుంటున్నది మీరేనా అని. కన్‌సైన్‌మెంట్ నుంచి వెనక్కి తీసుకునేవాడు కూడా 'నేనే' అని టిక్కు పెట్టాలని ఫారం వెనక సూచనల్లో రాసే ఉంది. అంటే నాలాంటి వాళ్లు గొడవపడతారని ఫారం రాసినవాళ్లకు ముందే తెలుసన్నమాట.

ఇక్కడ ఒక తమాషా. ఒకే మనిషి అయిదు పనిదినాల్లో ఒకే దుకాణంలో రెండు పిస్టళ్లో రివాల్వర్లో తీసుకుంటే దుకాణదారు ఏటీఎఫ్‌కు వేరే రిపోర్టు పంపాలి. నావి రెండు. "ఆ కాగితం కూడా ఉందా?" అన్నాను నీరసంగా. లేదన్నాడు. ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్లకే తిరిగి ఇస్తుంటే ఆ రిపోర్టు అక్కర్లేదని నిబంధనలోనే మినహాయింపు ఉందట. ఇంటికొచ్చి నేనూ చూశాను, నిజమే. చూడండి, ఒక కాగితం 'ఇవి ఈయనవే, తిరిగి తీసుకుంటున్నాడు' అని ఒప్పుకుంటుంది. పక్కనున్న ఇంకో కాగితం 'ఈయనెవరో మాకు తెలియదు, మొదటి నుంచి చెప్పమనండి' అంటుంది. రెండూ ఒకే ఆఫీసువి.

సంతకం పెట్టాక కుర్రాడు వివరాలు ఎఫ్‌బీఐకి పంపాడు. తుపాకి తీసుకునేవాడికి ఆ అర్హత ఉందో లేదో వాళ్లు రికార్డుల్లో చూసి చెబుతారు, నిక్స్ అంటారు దాన్ని. 1993లో వచ్చిన బ్రేడీ చట్టం ప్రకారం 1998 నవంబర్ 30న మొదలైంది, దాని కేంద్రం వెస్ట్ వర్జీనియాలో క్లార్క్స్‌బర్గ్‌లో ఉంది. చాలామందికి రెండు మూడు నిమిషాల్లో 'ప్రొసీడ్' అని వస్తుంది. నాకు 'డిలేడ్' అని వచ్చింది. నా పేరులో చివరి రెండు ముక్కలు పట్టుకుని మన రాయలసీమలో వెతికితే ఒక్కో మండలంలో పాతికమంది దొరుకుతారు. వాళ్లలో ఎవరు ఇక్కడికొచ్చి ఏం చేశారో నాకేం తెలుసు? మాటిమాటికీ ఇలా ఆగిపోయేవాళ్లు వేలిముద్రలు పంపి ఒక ప్రత్యేక నంబరు తెచ్చుకోవచ్చు, అది రాయడానికి ఫారంలో గడి కూడా ఉంది. ఇన్నేళ్లలో నాకు ఆ అవసరం పడలేదు.

"ఇప్పుడేం చేయాలి?"

"ఎఫ్‌బీఐ జవాబు కోసం చూద్దాం. మూడు పనిదినాల్లో రాకపోతే, ఆపైన ఇవ్వడానికి చట్టం మాకు అడ్డు చెప్పదు. ఇవ్వాలా వద్దా అన్నది మా ఇష్టం."

గురువారం లెక్కలోకి రాదు. శుక్ర, సోమ, మంగళ. అంటే బుధవారం. బయటికొచ్చి కారులో కూర్చున్నాక టెన్షన్ పట్టుకుంది. నా మీద ఏ కేసూ లేదు, ట్రాఫిక్ చలానాలు తప్ప. అయినా 'డినైడ్' అని వస్తే? అప్పుడు నా సొంత తుపాకులు నాకు ఇవ్వరు. అప్పీలు చేసుకోవాలి, అవి అక్కడే ఉంటాయి. గ్రీన్ కార్డు రెన్యూవల్ కూడా దగ్గరపడింది, దానికేమైనా అడ్డం వస్తుందా అని లేనిపోని ఆలోచనలు. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

ఆ మూడు రోజుల లెక్క గురించి కూడా ఒక మాట. 2015 జూన్ 17న సౌత్ కరోలినాలో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మందిని కాల్చి చంపినవాడు తుపాకి కొన్నది ఈ గడువు దాటిపోయినందువల్లే. వాడి చెక్ కూడా డిలే అయింది, మూడు పనిదినాల్లో జవాబు తేలలేదు, దుకాణం ఇచ్చేసింది. వాడికి ఆ తుపాకి అమ్మి ఉండకూడదని తర్వాత ఎఫ్‌బీఐ డైరెక్టరే ఒప్పుకున్నారు. నా బాధలో నేనుండగా ఇది గుర్తొచ్చి, కుర్రాడు బుధవారం కూడా ఇవ్వనంటే నేను కోప్పడకూడదు అనుకున్నాను. అనుకోవడం వేరు లెండి, బుధవారం దాకా పరిస్థితి పోయి ఉంటే ఏం చేసేవాడినో తెలియదు.

శుక్రవారం మా అల్లుడు అన్నాడు: "మామా, నేను సిటిజన్‌ని, నా పేరు ఎప్పుడూ ఆగలేదు. నేను పోయి నా పేరు మీద తీసుకొస్తా, మీకెందుకీ తిరుగుడు." మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఫారంలో ఆ మొదటి ప్రశ్న ఉంది కదా, నిజంగా తీసుకుంటున్నది మీరేనా అని. వాడు నాకోసం తెస్తూ 'నేనే' అని టిక్కు పెడితే అబద్ధం రాసినట్టు. ఇద్దరికీ తుపాకి ఉంచుకునే అర్హత ఉన్నా సరే. వర్జీనియాలో ఒకాయన పెన్సిల్వేనియాలో ఉన్న తన అంకుల్ కోసం, ఆ అంకుల్ డబ్బుతోనే పిస్టల్ కొని ఆ గడిలో 'నేనే' అని పెట్టాడు. 2014లో అబ్రామ్‌స్కీ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు తీర్పు చెప్పి ఆయన శిక్షను ఖాయం చేసింది. ఆ అంకుల్‌కు తుపాకి ఉంచుకోవడానికి ఏ అడ్డూ లేదు. అయినా నేరమే. మామ కోసం అల్లుడు చేసే సాయాలు చాలా ఉన్నాయి, ఇది వాటిలో లేదని చెప్పాను.

ఇంకో వింత. ఇవే తుపాకులు స్ప్రింగు పాడైందని రిపేరుకు ఇచ్చి ఉంటే, తిరిగి తీసుకునేటప్పుడు ఈ ఫారం ఉండేది కాదు, చెక్ ఉండేది కాదు. రిపేరుకు ఇచ్చినవాడికే తిరిగి ఇస్తే నిబంధనలో మినహాయింపు ఉంది. తాకట్టు పెట్టి విడిపించుకుంటే మాత్రం ఫారం తప్పదు. అమ్మకానికి పెట్టి వెనక్కి తీసుకున్నా తప్పదు. రిపేరు అన్నప్పుడు తుపాకి మనది అన్న సంగతి ఎక్కడా తెగలేదని, అమ్మకానికో తాకట్టుకో పెట్టినప్పుడు మనమే దాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డామని వాళ్ల ఆలోచన కాబోలు. ఇది నా ఊహ. చట్టంలో ఈ కారణం రాసి లేదు.

కానీ ఈ నిబంధన ఎందుకుందో నాకు అర్థమైంది మా తాత తుపాకి గుర్తొచ్చాక.

నల్లమల అంచున మా వేరుశనగ చేను. అడవిపందులు ఒక్క రాత్రి పడితే ఎకరం తిరగేసేవి. తాతకు లైసెన్సుతో ఒక డబుల్ బ్యారెల్ ఉండేది. ఎన్నికలొచ్చాయంటే దాన్ని గోనెసంచిలో చుట్టి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రశీదు తెచ్చుకునేవాడు. ఎన్నికలయ్యాక రశీదు, లైసెన్సు పుస్తకం పట్టుకుపోయి తెచ్చుకునేవాడు. నేను చిన్నప్పుడు ఒకసారి వెంట పోయాను. అక్కడి హెడ్ కానిస్టేబుల్ మా తాత మొహం చూడలేదు, లైసెన్సు పుస్తకంలో తేదీ చూశాడు. ఆ పుస్తకమే మా తాతకు హక్కు. 1987లో తాత పోయాడు. లైసెన్సు ఆయనతోనే పోయింది. మా నాన్న తుపాకిని చట్టప్రకారం అప్పగించాడు. వారసుడిగా తన పేరు మీద లైసెన్సు తెచ్చుకుని వెనక్కి తీసుకోవచ్చు, లేదా లైసెన్సున్న ఇంకొకరికి అమ్ముకోవచ్చు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ఆ రెండు దారులూ ఇస్తుంది. గడువులోపు ఏదీ చేయకపోతే కలెక్టర్ నోటీసు ఇచ్చి ప్రభుత్వానికి జప్తు చేస్తారు. నాన్న రెండూ చేయలేదు. ఆయనకు పందుల మీద కంటే కాగితాల మీద భయం ఎక్కువ. (ఇంట్లో ఇలాంటి పాత తుపాకి ఉన్న మీ పాఠకులకు చెబుతున్నాను: 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి చేతికొచ్చి 25 ఏళ్లైనా, బతికుండగానే వారసుడి పేరు చెప్పి ఆ వారసుడికి లైసెన్సు అడగవచ్చు. పెద్దాయన పోయేదాకా ఆగకండి.)

ఇప్పుడు తేడా చూడండి. మన దేశంలో ముందు మనిషికి లైసెన్సు, దానిలో తుపాకి నంబరు. స్టేషన్‌లో పెట్టినా, దుకాణంలో పెట్టినా తిరిగి తీసుకునేవాడి అర్హత ఆ పుస్తకంలో ఉంటుంది. టెక్సాస్‌లో తుపాకి ఉంచుకోవడానికి లైసెన్సు అనేదే లేదు. 2021 సెప్టెంబర్ నుంచి నడుముకు పెట్టుకుని తిరగడానికి కూడా అక్కర్లేదు. అందువల్ల నా జేబులో నా అర్హత చెప్పే కాగితం ఏదీ లేదు. లైసెన్సు టు క్యారీ అని ఒకటి ఇప్పటికీ ఇస్తారు. అది ఉన్నవాళ్లకు ఎఫ్‌బీఐ చెక్ తప్పుతుంది కానీ ఫారం తప్పదు. నాకు అదీ లేదు. కాబట్టి తుపాకి కౌంటర్ దాటి బయటికొచ్చే ప్రతిసారీ అవతలున్న మనిషిని కొత్తగా చూడాల్సిందే. మార్చిలో ఇచ్చిన మనిషి సెప్టెంబర్‌కు అదే మనిషి కాకపోవచ్చు. ఆరు నెలల్లో ఇల్లాలిని కొట్టి కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని ఉండవచ్చు. అలాంటి ఉత్తర్వు కింద ఉన్నవాడి దగ్గర తుపాకి ఉండకూడదని సుప్రీంకోర్టు 2024 జూన్‌లో రహిమీ కేసులో చెప్పింది. ఆ కేసు మొదలైంది మా పక్కనున్న ఆర్లింగ్టన్‌లో ఒక పార్కింగ్ స్థలంలో జరిగిన గొడవతోనే. అలాంటివాడు భార్య కేసు పెట్టగానే మొదట గుర్తు చేసుకునేది దుకాణంలో పెట్టిన తుపాకినే కదా. వాడికి "ఇదిగో నీదే, తీసుకుపో" అనకూడదు. ఇది ఒప్పుకున్నాక నాకు ఫారం మీద కోపం పోయింది.

కోపం పోయింది కానీ అసలు బాధ ఇంకొకటి మిగిలింది. ఇక్కడ మీ వ్యాసకర్త మాటకు కొంత బలం కూడా ఉంది, దాచను. నేను ఈ తుపాకుల్ని దుకాణంలో పెట్టకుండా, పక్క వీధిలో ఉండే టెక్సాస్ మనిషికి నా గ్యారేజీలోనే డబ్బు తీసుకుని ఇచ్చేసి ఉంటే, ఫారం లేదు, చెక్ లేదు, పుస్తకం లేదు. తుపాకి ఉంచుకోకూడనివాడని తెలిసీ ఇవ్వకూడదు, అంతే. పరాయివాడికి ఇవ్వడానికి అక్కర్లేని కాగితం నా వస్తువు నేను తెచ్చుకోవడానికి కావాలి. నేను దుకాణానికి పోయింది, కొనేవాడెవడో ఎఫ్‌బీఐ ఒకసారి చూస్తుందనే. అలా ఆలోచించిన నన్ను అయిదు రోజులు తిప్పారు. వంకాయల సంత ఉందంటే అది గ్యారేజీల్లో ఉంది, కౌంటర్ల దగ్గర కాదు. మీ వ్యాసంలో ఈ తేడా రాసి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాడినే కాదు.

దుకాణం మీద ఒక్క ఫిర్యాదు. మార్చిలో నేను సంతకం పెట్టిన ఒప్పందంలో కమీషన్ ఎంతో ఉంది, గడువు ఉంది, ఆలస్యమైతే అద్దె ఎంతో ఉంది. వెనక్కి తీసుకోవాలంటే మళ్లీ ఫారం, మళ్లీ చెక్, ఒక్కో తుపాకీకి పాతిక డాలర్ల రుసుము అన్నది ఎక్కడా లేదు. ఒక్క వాక్యం ముందే రాసి ఉంటే లైసెన్సులో చిరునామా అయినా మార్పించుకుని పోయేవాడిని.

ఇప్పుడు మన పిల్లల సంగతి. ఆ గురువారమే నా వెనక వరసలో ఒక తెలుగు కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఫోన్‌లో "అన్నా, ఇక్కడ లేటయ్యేట్టుంది" అంటుంటే పలకరించాను. వరంగల్ వైపు. హెచ్‌1బీ మీద ఉన్నాడు. వేటకు వాడే రైఫిల్ ఒకటి జూలైలో కన్‌సైన్‌మెంట్‌కు ఇచ్చాడట, మనసు మార్చుకుని తీసుకుపోదామని వచ్చాడు. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి ముట్టుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. దానికి కొన్ని మినహాయింపులున్నాయి, మామూలు మనిషికి అందేది ఒకటే: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు, అదీ గడువు ఉన్నది. ఈ అబ్బాయి కొన్నప్పుడు అది చూపించే కొన్నాడు. కానీ టెక్సాస్ హంటింగ్ లైసెన్సులు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతాయి. మేం నిలబడింది సెప్టెంబర్‌లో. జూలైలో ఇచ్చేటప్పుడు అతను తుపాకి ఉంచుకోదగిన మనిషి, సెప్టెంబర్‌లో అడిగేటప్పుడు కాదు. మధ్యలో అతను చేసిన తప్పేమీ లేదు, క్యాలెండర్ మారింది. పాతిక డాలర్లు పెట్టి కొత్త సంవత్సరం లైసెన్సు తీసుకుని రమ్మన్నారు.

అతను నయం, దుకాణం ఆపింది. శని, ఆదివారాల్లో రేంజికి పోయి అద్దె పిస్టల్‌తో కాల్చి ఫోటోలు పెట్టే పిల్లల్ని చూస్తే నాకు గుండె దడ. హంటింగ్ లైసెన్సు లేని వీసా మనిషి చేతిలో తుపాకి అయిదు నిమిషాలు ఉన్నా, అది అద్దెదైనా, చట్టం దృష్టిలో ఉన్నట్టే. గ్రీన్ కార్డుకు అప్లై చేశాం కదా అనుకుంటారు కొందరు. అప్లై చేయడం వేరు, చేతికి రావడం వేరు. అలాంటి ఫోటోకు లైకులు పెట్టే పెద్దలు మీ పాఠకుల్లో కూడా ఉన్నారని నాకు తెలుసు. దయచేసి మీ ఎన్నారై పేజీలో ఇది ఒకసారి పెద్దక్షరాల్లో వేయండి.

నా కథ ముగింపు. సోమవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, ప్రొసీడ్ అని. పోయాను. ఫారం మీద సంతకం పెట్టిన రోజు, తుపాకి చేతికొచ్చే రోజు వేరైతే మళ్లీ సంతకం పెట్టాలట. గురువారం రాసిన జవాబులన్నీ సోమవారానికి కూడా నిజమేనని ఒప్పుకుంటూ. పెట్టాను. కుర్రాడు పుస్తకం తీసి, మార్చిలో నా పేరు 'ఎవరి దగ్గర నుంచి' అన్న గడిలో ఉన్న వరుసలోనే, 'ఎవరికి' అన్న గడిలో మళ్లీ నా పేరే రాశాడు, పొడి అక్షరంతో సహా. పిస్టల్ పెట్టె చేతికిస్తూ, "దీన్ని మేమే కొనుక్కుంటాం, మీరు చెప్పిన ధరకు కాదు" అన్నాడు. దుకాణానికి అమ్మడానికి నేను ఫారం నింపాలా అని అడిగాను. అక్కర్లేదన్నాడు. రుసుము కట్టి, రెండు సంతకాలు పెట్టి తెచ్చుకున్న పిస్టల్‌ను రెండు నిమిషాల్లో అదే కౌంటర్ మీద అమ్మేసి, రివాల్వర్ ఒక్కటే పట్టుకుని వచ్చాను. కుర్రాడు ఆ నంబరును పుస్తకంలో మళ్లీ కొత్త వరుసలో ఎక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

రివాల్వర్ సేఫ్‌లో ఉంది. తాళం మా ఆవిడ దగ్గర ఉంది.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు వేయవద్దని మనవి. ఊళ్లో అన్నదమ్ములు మీ పత్రికే చదువుతారు, తుపాకి సంగతి వాళ్లకు ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సాస్